కబురు రాలేదు కాబట్టి

జూన్ 14, ఆదివారం

చిరంజీవి మరిదికి మీ వదిన నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి తగ్గింది. పాప ఐదో తరగతిలోకి వచ్చింది, బాబాయ్ ఈసారి వచ్చేటప్పుడు లిఫ్టు మీట ఒకటి తెస్తానన్నాడు, గుర్తు చేయమంది. నాకు ఎప్పటిలాగే పనీ ఎక్కువే, మాటా ఎక్కువే. నువ్వు కూడా అక్కడ పైకీ కిందికీ తిరుగుతూ క్షేమంగా ఉన్నావనుకుంటాను. క్షేమమా కాదా అన్న సంగతి మాట్లాడటానికే ఈ ఉత్తరం.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు ఆ పదిహేనంతస్తుల భవనంలో లిఫ్టు ఎలా బిగిస్తున్నారో రాశావు. ఇనుప తాళ్ళ మందమూ, ఎదురు బరువుల లెక్కా చదివి నేనే వచ్చి బిగించేయగలననిపించింది. అసలు సంగతి చివరి అర పేజీలో, చీమలబారులాంటి అక్షరాలతో ఇరికించావు. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నీకు పద్నాలుగేళ్ళు. లెక్కల పరీక్ష తప్పావని చెప్పడానికి ముందు అరగంటసేపు వానల గురించి మాట్లాడావు. పద్నాలుగేళ్ళు గడిచినా నీ పద్ధతి మారలేదు.

సరే, నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తప్పైతే దిద్దు. ఇంతకుముందున్న చోట పనిచేస్తున్నప్పుడు, అక్కడి సామాన్ల గదిలో పనిచేసే అమ్మాయితో ఐదు నెలలు స్నేహంగా ఉన్నావు. మార్చి నెలాఖరుకి పని ముగిసింది, స్నేహమూ ముగిసింది. ఆ తర్వాత పది రోజులకి కొత్త చోట కంపెనీ వాళ్ళు రక్తదాన శిబిరం పెడితే వెళ్ళి రక్తం ఇచ్చావు. ఏప్రిల్ చివర్లో చెప్పుకోకూడని చోట చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. మూడు వారాలకి దానంతటదే మానిపోయింది. ఆగస్టులో నీ పెళ్ళి. నీకు కొంచెం అనుమానంగా ఉన్నా, రక్తం ఇచ్చి రెండు నెలలైంది, ఏదైనా ఉంటే వాళ్ళే కబురు పెట్టేవాళ్ళు కదా, కబురు రాలేదు కాబట్టి నేను బాగున్నట్టే కదా వదినా అని అడిగావు. పైగా, మీకు డాక్టర్లు చాలామంది తెలుసు కదా, ఎవరినైనా పైపైన అడిగి చూడండి అన్నావు. అన్నయ్యకి నా నోటితో చెప్పలేను, ఈ ఉత్తరం మీరే చూపించండి అని కూడా రాశావు.

నాకు తెలిసిన డాక్టర్లంతా పళ్ళ డాక్టర్లు నాయనా. నేను చేసేది కట్టుడు పళ్ళ సెట్లు. నీ ప్రశ్న వాళ్ళనడిగితే నోరు తెరవమంటారు, అంతే.

ఇది నేను పనిగదిలో కూర్చుని రాస్తున్నాను. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. బల్ల మీద ఏడు ప్లాస్టరు అచ్చులున్నాయి, ఏడూ నోళ్ళే, ఒక్కటీ మాట్లాడదు. ఇలాంటి ఉత్తరం రాయడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

నువ్వు అడిగినట్టే నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ ఆ చివరి అర పేజీ చదివారు. ఉత్తరం మడిచి నా చేతికిస్తూ, వాడికి నా సంగతి రాయి, ఏదీ దాచకుండా రాయి, నేను రాద్దామంటే చెయ్యి కదలదు అన్నారు. అందుకని రాస్తున్నాను. ఇది నీకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పని సంగతి. అప్పట్లో నువ్వు హాస్టల్లో ఉన్నావు. వదినకి ఒంట్లో బాగోలేదు, కడుపు నిలవడం లేదు అని మాత్రం నీకు చెప్పారు.

మీ అన్నయ్యని డిపోలో అందరూ దాతగారూ అని పిలిచేవాళ్ళు, నీకు గుర్తుండే ఉంటుంది. బస్సుల కింద దూరి నూనె మరకలతో పనిచేసే మనిషి, శిబిరం పెట్టారంటే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందు వరుసలో నిలబడేవారు. ఇచ్చిన ప్రతిసారీ నెల తిరక్కుండా ఒక ప్రశంసాపత్రం పోస్టులో వచ్చేది. నేను కాపురానికి వచ్చేసరికి ముందుగదిలో గోడ మీద తొమ్మిది పటాలున్నాయి. పెళ్ళిఫోటో పెట్టడానికి జాగా లేక వంటింట్లో పెట్టాం. దానికి నేను అలిగాను కూడా.

పెళ్ళికి మూడు నెలల ముందు ఆయన్ని వేరే ఊరి డిపోకి ఆరు వారాలు పంపించారు. అక్కడ ఒకామెతో పరిచయమైంది. తిరిగొచ్చాక ఆయనకీ నీకు పుట్టిన అనుమానమే పుట్టింది. ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకోవాలంటే సిగ్గు. తెలిసిన కాంపౌండరు ఎవరైనా చూస్తే ఊరంతా టాంటాం అవుతుందని భయం. అప్పుడు ఆయన బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఎలాగూ రక్తం ఇస్తాను కదా, వాళ్ళు ఎలాగూ పరీక్ష చేస్తారు కదా, ఏదైనా ఉంటే వాళ్ళే పిలుస్తారు, లేకపోతే ప్రశంసాపత్రం వస్తుంది అనుకున్నారు. ఆ ఊరి నుంచి వచ్చిన రెండు వారాలకి ఇచ్చారు. నెల తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది. హమ్మయ్య అనుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నారు. ఆయనకీ ఒక పుండు లేచి మానిందట. మానిపోయింది కాబట్టి ఏమీ లేదనుకున్నారు.

ఇక్కడ ఆగి, ఆ తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ విడమరిచి చెప్పిన సంగతులు నీకు చెప్పాలి. ఓపికగా చదువు. లిఫ్టు గురించి నువ్వు రాసిన మూడున్నర పేజీలూ నేను ఓపికగానే చదివాను.

జబ్బు ఒంట్లోకి రాగానే రక్తంలో కనిపించదు. కొన్ని వారాలు పడుతుంది, కొన్నిటికి మూడు నెలల దాకా పడుతుంది. ఈలోపు పరీక్ష చేస్తే ఏమీ లేదని వస్తుంది. అది లేదని కాదు, ఇంకా బయటపడలేదని. నువ్వు పదో రోజున ఇచ్చిన రక్తం, మీ అన్నయ్య రెండు వారాలకి ఇచ్చిన రక్తం, రెండూ ఆ లెక్కలోవే. ఇంకొకటి, రక్తం తీసుకునేవాళ్ళు నాలుగైదు జబ్బులకే చూస్తారు. మూత్రంతోనో, దూదిపుల్లతో తుడిచిన తడితోనో చూడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ఏ గుర్తూ చూపించకుండా ఏళ్ళ తరబడి ఒంట్లో కూర్చుని చివరికి పిల్లలు పుట్టకుండా చేస్తాయట. నొప్పి లేదు కాబట్టి రోగం లేదనుకోవడం మన తెలివితక్కువతనం. నొప్పి లేని పుండు దానంతటదే మానిపోవడం సిఫిలిస్‌కి గుర్తు. పైన మానుతుంది, లోపల నడుస్తూ ఉంటుంది. నీకు అదే ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో చెప్పాల్సింది పరీక్ష, నువ్వూ కాదు, నేనూ కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నీకు చేదుగా ఉంటుంది. అనుమానం పెట్టుకుని రక్తం ఇవ్వడం దానం కాదు. ఆ సంచీ ఎవరికో ఎక్కుతుంది. మీ అన్నయ్య ఆ రెండో వారంలో ఇచ్చిన రక్తం ఎవరికెక్కిందో మాకు ఈ రోజుకీ తెలియదు. ఆ క్రిమి రక్తం నిలవ ఉంచే చలిలో ఎక్కువ రోజులు బతకదని డాక్టరమ్మ మమ్మల్ని ఊరడించింది. ఇంకో జబ్బయి ఉంటే ఏమయ్యేదని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నువ్వు రక్తం ఇచ్చిన చోటికి ఇది అందగానే ఫోన్ చేసి, ఫలానా తేదీన ఇచ్చాను, నాకు అనుమానం ఉంది అని చెప్పు. వాళ్ళు ఎందుకు ఏమిటని అడగరు. అడిగినా చెప్పక్కర్లేదు.

మళ్ళీ మా కథలోకి వస్తాను. పెళ్ళైన ఏడాదికి నేను కడుపుతో ఉన్నాను. డాక్టరమ్మ మొదటి నెలల్లోనే మా ఇద్దరికీ రక్తపరీక్షలు రాసి చీటీ ఇచ్చింది. మీ అన్నయ్య ఆ చీటీ చూసి నవ్వారు. నా రక్తాన్ని ఊళ్ళోవాళ్ళు పరీక్ష చేసి మెచ్చుకుని కాగితాలు పంపిస్తున్నారు, మనింట్లో ఇంకేం వెతుకుతారు, పైగా నీకు సూది అంటే ప్రాణం పోతుంది అన్నారు. నేనూ మురిసిపోయాను. దాతగారి పెళ్ళాన్ని కదా. చీటీ చింపేశాను. తర్వాత డాక్టరమ్మ అడిగితే చేయించుకున్నాం, అంతా బాగానే ఉందన్నారని అబద్ధమాడాను. ఆవిడ నమ్మింది. నమ్మకేం చేస్తుంది, గది బయట నలభైమంది కూర్చుని ఉన్నారు.

ఆ మధ్యలోనే డిపోలో మళ్ళీ శిబిరం పెట్టారు. మీ అన్నయ్య మళ్ళీ ఇచ్చారు. ఈసారి ప్రశంసాపత్రం రాలేదు. ఆయన అదేమంత పట్టించుకోలేదు, పోస్టులో పోయి ఉంటుందన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు డిపోలో శిబిరమే జరగలేదు.

ఆరో నెలలో బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా అన్నారు అందరూ. మరుసటి ఏడు మళ్ళీ కడుపు పండింది. అప్పుడు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం, మొదటావిడ హస్తవాసి మంచిది కాదని. అక్కడా చీటీ రాశారు. ఈసారి నేను చేయించుకుందామన్నాను. పాత కాగితాలు చూపిస్తే చాలని మీ అన్నయ్య గోడ మీది పటాలు రెండు దింపి సంచిలో పెట్టుకుని బయల్దేరారు. ఆ డాక్టరు అవి చూసి నవ్వి, సరేలెండి అన్నాడు. ఎనిమిదో నెలలో మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. వాడి అరికాళ్ళు చూశాను, తోలు ఊడి ఉంది. నర్సు గబగబా గుడ్డ కప్పేసింది.

అప్పుడు నన్ను పాత డాక్టరమ్మ దగ్గరికే మోసుకెళ్ళారు. ఆవిడ ఈసారి చీటీ రాయలేదు. తనే సూది తీసుకుని మా ఇద్దరి చేతుల్లోంచి రక్తం తీసింది. మూడో రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి సిఫిలిస్ అని చెప్పింది. రెండు ప్రాణాలూ దీనివల్లే పోయాయంది. ముందే తెలిస్తే సూదిమందుతో పోయేదంది. మీ అన్నయ్య ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి ఎటు వెళ్ళాలో తెలియక మందుల బీరువా వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఏడవలేదు. నాకు ఏడుపు పది రోజుల తర్వాత వచ్చింది, ఇదే బల్ల దగ్గర, ఎవరివో కింది పళ్ళు మైనంలో పేరుస్తూ ఉండగా.

పెద్దాసుపత్రిలో వెనకవైపు ఒక గది ఉంది. అక్కడికి వారానికొకసారి మూడు వారాలు వెళ్ళాం, నడుము కింద ఒక సూది. నడవలేనంత నొప్పి ఉంటుంది, ఒక పూటలో తగ్గుతుంది. మొదటిరోజు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ ఎదురుగోడ మీదున్న పళ్ళూ కూరగాయల బొమ్మని అదేదో సినిమా అన్నట్టు చూస్తున్నారు. పేరు పిలవరు, నంబరు పిలుస్తారు. నా పక్కన తెల్లచొక్కా పెద్దాయన ఒకరు. ఆయన ఆవలించినప్పుడు చూశాను, పై పళ్ళ సెట్టు నా చేతిదే. ఎడమ కోరపన్ను కొంచెం వంకరగా పెట్టమని ఆయనే ప్రత్యేకంగా చెప్పించుకున్నాడు, అసలు పళ్ళలా కనిపించాలని. నేను చెప్పలేదు, ఆయన నన్ను ఎరగడు. కానీ ఆ క్షణంలో నాకు సగం సిగ్గు పోయింది. పెద్దమనుషులూ వస్తారు, పెళ్ళైనవాళ్ళూ వస్తారు, నాలాంటివాళ్ళూ వస్తారు. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా తెలివైనవాళ్ళే. తెలివితక్కువవాళ్ళం మేం, అంతకు మూడేళ్ళ ముందు రాకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళం.

మందు పనిచేసింది. ఆరు నెలలకీ, ఏడాదికీ మళ్ళీ రక్తం చూశారు. జబ్బు తగ్గిపోయిందన్నారు. ఆ తర్వాత పాప పుట్టింది. పుట్టగానే ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది, ఇప్పటికీ ఆపలేదు. అంటే ఇది నయం కానిదేం కాదు. కాలం మించకముందు వెళ్తే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళం మేం, నీ చేతులు ఇంకా కాలలేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. ఇందులో బేరాలు లేవు.

ఈ ఉత్తరం అందిన మర్నాడే సెలవు పెట్టు. అక్కడి పెద్దాసుపత్రిలో ఇలాంటి గది ఉంటుంది, లేదంటే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. మా వదిన తలనొప్పి గురించి అడగమంది అని మొదలెట్టకు. మార్చి నెలాఖరు దాకా ఒకరితో ఉన్నాను, అప్పుడప్పుడు జాగ్రత్త తీసుకోలేదు, ఏప్రిల్‌లో నొప్పి లేని పుండు వచ్చి పోయింది అని తేదీలతో సహా చెప్పు. ఏయే పరీక్షలు చేయాలో వాళ్ళకి తెలుస్తుంది. రక్తం తీస్తారు, మూత్రం అడుగుతారు. ఈ నెలాఖరుకి మూడు నెలలు నిండుతాయి, కాబట్టి కొన్ని పరీక్షలు అప్పుడు మరోసారి చేయమంటారేమో, రెండోసారీ వెళ్ళు. ఫలితం వాళ్ళు పంపిస్తారులే అని కూర్చోకు. నీ కాళ్ళతో నువ్వు వెళ్ళి, నీ చేతులతో తీసుకుని, నీ కళ్ళతో చదువు. అర్థం కాకపోతే అక్కడే నిలబడి అడుగు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత నీకూ తెలుసు.

ఆ సామాన్ల గది అమ్మాయికీ నువ్వే చెప్పాలి. ఆమె వల్ల నీకొచ్చిందో నీవల్ల ఆమెకి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు, తేల్చుకుని చేసేదీ లేదు. నిందించకుండా, పరీక్ష చేయించుకో అని ఒక్క మాట చెప్పు. ఆమె కూడా రేపు ఎవరికో తల్లి అవుతుంది.

ఇక నా కాబోయే తోడికోడలు. మనం చూడటానికి వెళ్ళినప్పుడు మీరంతా లిఫ్టుల గురించి మాట్లాడుకుంటుంటే ఆ అమ్మాయి నన్ను వాళ్ళ డాబా మీదికి తీసుకెళ్ళి తను వేసిన బొమ్మలు చూపించింది. మీ మరిది మంచివాడేనా అక్కా అని సూటిగా అడిగింది. మంచివాడే, మాట తిప్పుతాడు, అంతే అన్నాను. ఆమెకి ఆ రోజు నేను హామీ ఇచ్చినట్టే. ఫలితం ఏదొచ్చినా ఆమెకి పెళ్ళికి ముందే చెప్పు. మందు వాడాల్సి వస్తే వాడి, తగ్గిందని డాక్టరు చెప్పాకే పెళ్ళి. ఆగస్టు కాకపోతే డిసెంబరు. ఏం కారణమని ఎవరైనా అడిగితే వదిన పేచీ పెట్టిందని చెప్పు. నాకు గయ్యాళి అనిపించుకోవడం కొత్త కాదు. నేను చీటీ చింపిన రోజున నాకు ఈ మాత్రం చెప్పే మనిషి ఒక్కరుంటే బాగుండేది.

నీకు మీ అన్నయ్య గురించి కూడా ఒక మాట చెప్పాలి. సూదిమందు అయిపోయాక ఆయన రక్తనిధికి వెళ్ళి, నాకెందుకు కబురు పెట్టలేదని అడిగారు. అక్కడి గుమస్తా రిజిస్టరు తీసి చూపించాడట. పెళ్ళయ్యాక ఇచ్చిన రక్తంలో జబ్బు కనిపించిందనీ, వెంటనే వచ్చి కలవమని ఉత్తరం పంపామనీ, జవాబు రాలేదనీ రాసి ఉంది. అది పాత చిరునామాకి వెళ్ళిపోయి ఉంటుంది, పెళ్ళయ్యాక ఇల్లు మారితే డిపోలో చిరునామా మార్చమని చెప్పలేదు, ఆ తప్పు కూడా నాదే అని ఇంటికొచ్చి చెప్పారు. ఆ సాయంత్రమే గోడ మీది పటాలన్నీ ఆయనే దింపేశారు. మీ అమ్మకి జరిగిందంతా తన నోటితో చెప్పారు, కోడలి మీద ఒక్క మాట పడనివ్వలేదు. దాతగారూ అని ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ పలకరు. ఏడాదికి రెండు రోజులు ఆయన అన్నం తినరు. ఏ రోజులో నీకు చెప్పక్కర్లేదు. ఆయన తప్పు చేశారు. దాన్ని ఇన్నేళ్ళూ పంటి బిగువున మోశారు. నువ్వు అలా మోయకూడదనే ఆయన తపన.

పరీక్ష చేయించుకున్న రోజునే నాకు ఫోన్ చెయ్యి. ఫలితం ఏదైనా సరే, నువ్వు మా ఇంటికి వస్తే నీ కంచం నీకుంటుంది.

ఆశీస్సులతో,
మీ వదిన

తా.క. ఉత్తరం ముగించి మడతపెట్టి మళ్ళీ విప్పాను. ఏదీ దాచకుండా రాయమన్నారు మీ అన్నయ్య. నేను దాచాను.

రక్తనిధి వాళ్ళ ఉత్తరం పాత చిరునామాకి వెళ్ళలేదు. డిపోలో ఎవరో కొత్త చిరునామా ఎక్కించే ఉంచారు, మా ఇంటికే వచ్చింది. పోస్టు అందుకున్నది నేనే. అప్పుడు నాకు నాలుగో నెల, వాంతులతో లేవలేకుండా ఉన్నాను. కవరు మీద వాళ్ళ ముద్ర చూసి ఇంకో ప్రశంసాపత్రం అనుకున్నాను. గోడ మీద పెళ్ళిఫోటోకే దిక్కులేదు, మళ్ళీ ఇదొకటా అని విసుక్కుని, విప్పకుండా బీరువాలో దుప్పట్ల అడుగున పడేశాను. తర్వాత మర్చిపోయాను. ఆయన రిజిస్టరు చూసి వచ్చి, ఆ తప్పు కూడా నాదే అన్న రోజున నాకు గుర్తొచ్చింది. మర్నాడు ఆయన డిపోకి వెళ్ళాక తీసి విప్పాను. నాలుగు వరుసలు. మీరూ మీ భార్యా వెంటనే వచ్చి కలవండి, చికిత్స ఉంది అని రాసి ఉంది. తేదీ చూశాను. అప్పటికి నా కడుపులో పిల్ల కదులుతూ ఉంది.

మళ్ళీ దుప్పట్ల కిందే పెట్టేశాను. మొదట కోపం, చేసింది ఆయన, నేనెందుకు చెప్పాలని. తర్వాత భయం. తర్వాత ఆయన అన్ని నిందలూ తనే మోస్తుంటే చూడటం అలవాటైపోయింది. పదకొండేళ్ళు. ఆయన అన్నం తినని రోజుల్లో నేను ఎదురుగా కూర్చుని తిన్నాను మరిదీ. చిరునామా మార్చలేదన్న తప్పు ఆయనది కాదని ఒక్క మాట అనలేకపోయాను.

ఆ కాగితం కూడా ఇందులో పెడుతున్నాను. రేపు పొద్దున డిపోకి వెళ్తూ పోస్టులో వేయమని ఈ కవరు మీ అన్నయ్య చేతికే ఇస్తాను. అంటించడం లేదు. ముందు మీరు చదవండి అని చెప్పి ఇస్తాను. ఇది నీ చేతికి అందితే, ఆయన చదివి పంపించారని తెలుసుకో.